బసవయ్య బాయిలరు

"పన్నెండున్నరకి ఆ బోటు కదలకూడదు. లంచ్ బెల్ కొట్టగానే ఇంజిన్ రూమ్ ఖాళీ. బాయిలర్లో నీళ్లన్నీ బయటికి వదిలెయ్. క్లియర్?"

టోవా పాయో హాకర్ సెంటర్లో, తిండికొట్ల మధ్య కాఫీ కలుపుతూ చెప్పింది మహతి. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, రెండు వైపులా జీతం. డబుల్ ఏజెంట్ అంటే అంతే మరి!

"క్లియర్," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ ఏజెంట్ శ్రీనాథ్.

మూడు నెలలుగా అతను సెంబవాంగ్ షిప్‌యార్డ్‌లో బాయిలర్ మేస్త్రీ బసవయ్య దగ్గర హెల్పరు. వాళ్లు బాగుచేసిన బుల్లి స్టీమరు పేరుకే మ్యూజియం పడవ. విదేశీ ముఠా ఒకటి దాని డెక్ కింద మెషిన్‌గన్లు బిగించింది. అంతర్యుద్ధంలో మగ్గుతున్న ఓ రేవుకి, పెద్ద ఓడలు రాలేని లోతు తక్కువ నీళ్లలో అది అడ్డంగా నిలబడుతుంది. బియ్యం పోనివ్వదు, మందులు పోనివ్వదు. లోపల రెండు లక్షల మంది ఉన్నారు.

యార్డులో లంచ్ బెల్ మోగింది. పనివాళ్లందరూ మకాన్‌కి, అంటే భోజనానికి, పోయారు. శ్రీనాథ్ కిందికి దిగితే, ఖర్మ కాలి, బసవయ్య అక్కడే ఉన్నాడు! బాయిలర్ పొయ్యి తలుపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి కూర్చున్నాడు. బాయిలర్ తొలిసారి ఆవిరి పట్టే రోజున పడవ కదిలేదాకా ఆయన మంటని వదలడు, మెతుకు ముట్టడు. ఈ సంగతి మహతి ఫైల్లో ఎక్కడుంటుంది?

శ్రీనాథ్ వాచీలో మత్తు సూది ఉంది. మూడు నెలలు ఆయన క్యారియర్లో అన్నం తిన్న చెయ్యి, లేవలేదు. సిగ్గేసింది. ఉన్నదంతా చెప్పేశాడు.

"మందులు కూడా పోనివ్వరేటి?"

"పోనివ్వరు, మేస్త్రీ."

"పొయ్యిలో మంట బయటికి లాగకుండా నీళ్లొదిలితే పేలి సస్తావు. నెగు అవతలికి."

పైన ముఠావాళ్లు మోకులు విప్పుతున్నారు. బసవయ్య, పేలకుండా నిప్పులు సగం బయటికి లాగి, పన్నెండూ ఇరవైతొమ్మిదికి వాల్వు తిప్పాడు. కళ్లు తుడుచుకున్నాడు. నీళ్లు లేక గొట్టాలు మాడిపోయాయి. పడవ గట్టునే ఉండిపోయింది. పోలీసులొచ్చి గన్లు పట్టుకున్నారు, ముఠాకి బేడీలు వేశారు.

బాయిలర్ ఎవరు పాడుచేశారని యార్డు అడిగితే, "నాదే తప్పు," అన్నాడు బసవయ్య. వర్క్ పర్మిట్ రద్దయింది. మూడోరోజుకి ఆయన్ని స్వదేశానికి విమానం ఎక్కించారు. డిపార్ట్‌మెంట్ నోరు విప్పలేదు.

ఆ వారం రేవుకి మూడు బియ్యం పడవలు చేరాయి.

"ముఠా వెనకున్నవాళ్లు ఇప్పుడు డీజిల్ బోట్లు కొంటున్నారు," అంది మహతి. "అమ్మేది మనవాళ్లే. సో, ఈసారి ఆపక్కర్లేదు. కంగ్రాట్స్, నీకు ప్రమోషన్."

"మరి బసవయ్య?" అన్నాడు శ్రీనాథ్.

"ఏ బసవయ్య?" అంది మహతి, నిజంగానే గుర్తురాక.