గుంతలోంచి రెండు చప్పుళ్ళు

పొద్దుగూకాక ఆ నాటకాల హాల్లోకి ఒంటరిగా వెళ్ళమంటే ఎంత మొండివాడైనా జంకేవాడు. హాలంతా ఒక ఎత్తు, స్టేజీ ముందు అంచున ఉన్న ఆ గుంత ఒక్కటీ ఒక ఎత్తు. నడుము లోతుంటుంది. పైన చెక్క గూడు, లోపల ఒక పీట, ఒక చిన్న బల్బు. నటులు మాట మర్చిపోతే అందించే ఆయన అందులో కూచునేవాడు. ఆయన పోయాడు, పీట ఖాళీ అయింది... గుసగుసలు మాత్రం ఆగలేదు.

లైట్లు వేసే అతను చెవులారా విన్నాడట. మర్చిపోయిన స్క్రూడ్రైవర్ కోసం రాత్రి వెనక్కి వెళితే, గుంతలో ఎవరో సన్నగా నాటకంలో మాటలు చెబుతున్నారట. స్క్రూడ్రైవర్ సంగతి దేవుడెరుగు, చెప్పులు కూడా అక్కడే వదిలేసి వచ్చి జ్వరంతో పడుకున్నాడు.

నాకీ సంగతి చెప్పింది మేకప్ ఆయన. ఆయన ఏది చెప్పినా కాస్త రంగు పూసే చెబుతాడు. కడగ్గలిగినంత కడిగేశాను. మిగిలింది వినండి.

గుంతలో కూచునే ఆయన్ని అందరూ గుసగుసలాయన అనేవాళ్ళు. ఆయన భార్యే ఆ నాటకాల కంపెనీలో పెద్ద నటి. చిన్నాపెద్దా అందరికీ ఆవిడ పెద్దమ్మే. ఇంట్లో ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆటలో మాత్రం ఆయన లేందే ఆవిడ అడుగు వేసేది కాదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. మాట అందించే ముందు చెక్క మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. టక్... టక్. అంటే — కంగారుపడకు, మాట వస్తోంది, గమ్మున నిలబడి విను. ఆ చప్పుడు వినపడితే ఎంతటి మహారాజైనా మీసం మీంచి చెయ్యి తీసేసి చెవి అప్పగించాల్సిందే.

వాళ్ళకి పేరు తెచ్చిన నాటకంలో మూడు కాలాలు. మొదటి కాలంలో పెద్దమ్మ రాణి, రాజు యుద్ధానికి పోతుంటాడు. రెండో కాలంలో మిల్లు కూలీ పెళ్ళాం, సమ్మె రోజు మొగుడు తుపాకులున్న గేటు దగ్గరికి పోతుంటాడు. మూడోది ఇప్పటి కాలం. ఆస్పత్రి మంచం, ఆఖరి ఊపిరి. మూడు కాలాల్లోనూ పోయే మొగుడితో ఆవిడ చెప్పేది ఒకటే మాట.

"మీరు పదండి. దీపం సంగతి నేను చూసుకుంటాను."

కిరీటం పోయి మాసిన చీర వస్తుంది, కాగడా పోయి ట్యూబులైటు వస్తుంది. సాగనంపే ఆడదాని గుండెల్లో గుబులు మాత్రం ఏ కాలంలోనైనా అదే. అందుకే తాతా మనవడూ పక్కపక్కన కూచుని ఒక్కచోటే ముక్కు చీదేవాళ్ళు.

తర్వాత ఆ మూడో కాలం పెద్దమ్మకి నిజంగానే వచ్చిపడింది.

గుసగుసలాయన ఆస్పత్రిలో పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచాడు. "రేపు నువ్వు..." అన్నాడు. ఆగిపోయాడు. ఇనప మంచం పట్టీ మీద వేలు కదిలింది — టక్... టక్.

ఇంకే ఇల్లాలైనా ఆ క్షణాన మొగుణ్ణి పట్టి కుదిపేది, నర్సును కేకేసేది, బావురుమనేది. పెద్దమ్మ గమ్మున నిలబడింది. చెవి అప్పగించింది. పాడు అలవాటు! మాట వస్తుందని చూసింది... రాలేదు. నర్సు వచ్చి భుజం పట్టుకునేదాకా అలాగే ఉంది. ఆయన పోతుంటే ఒక్క మాటైనా అనలేదే అన్న బాధ అప్పట్నుంచీ ఆవిణ్ణి లోలోపల తినేస్తోంది.

ఆ తర్వాత ఆడిన ప్రతి ఆటలోనూ మొదటి రెండు కాలాలూ బాగానే గడిచేవి. మూడోదానికొచ్చేసరికి ఆ మాట గొంతు దాటేది కాదు. తెర దించేయాల్సి వచ్చేది. కంపెనీ నడిపేది ఆవిడ మరిదే.

"వదినా... రేపొక్క ఆట చూద్దాం," అన్నాడు నేల చూపులు చూస్తూ. "అప్పుడూ కుదరకపోతే ఆ వేషం చెలికత్తెకిచ్చేద్దాం."

చెలికత్తె అంటే రాణి పక్కన వింజామర పట్టుకునే పిల్ల. ఆ వేషంతోనే పేరూ స్థిరపడిపోయింది.

పెద్దమ్మకి మనసొప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ తామిద్దరూ కలిసి ఆడిన నాటకం అది. అది కూడా పోతే ఇక ఆయనది తన దగ్గర ఏం మిగులుతుంది?

ఆ రాత్రి అందరూ పడుకున్నాక హాలుకు వెళ్ళింది. వాచ్‌మన్ తాళం తీశాడు గానీ గుమ్మం దాటలేదు.

"ఇప్పుడెందుకమ్మా... లోపల ఆయన..."

"ఉంటే మంచిదేగా," అంది పెద్దమ్మ.

అందరూ ఆ గుసగుసలకి భయపడ్డారు. ఆవిడ వాటి కోసమే వచ్చింది. ఆగిపోయిన ఆ మాటలో మిగతా సగం వినాలి. దెయ్యమై చెబితే మాత్రం ఏం, చెప్పేది ఆయనేగా!

స్టేజీ మీద ఒక్క లైటు వేసింది. ఎదురుగా ఖాళీ కుర్చీలు. గుంతలో చీకటి...

రాణి మాటలు చెప్పింది. కూలీ పెళ్ళాం మాటలు చెప్పింది. మూడో కాలం వచ్చింది. లేని మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నోరు తెరిచింది.

మాట రాలేదు.

హాలంతా నిశ్శబ్దం. తన ఊపిరి తనకే వినపడుతోంది...

టక్... టక్.

గుంతలోంచి సన్నగా, గాలిలో కలిసిపోయేంత మెల్లగా —

"మీరు పదండి..."

"అది కాదండీ!" అంది పెద్దమ్మ. మోకాళ్ళ మీద కూలబడి గుంత వైపు పాకింది. "ఆ మాట నాకొచ్చు. ఆ రోజు చెప్పబోయింది చెప్పండి. రేపు నువ్వు... అన్నారు. రేపు నేను ఏం చెయ్యాలి? ఒక్కసారి చెప్పండి..."

గుంతలో ఎవరో వెక్కుతున్నారు.

గూడు కింద నుంచి ముందు రెండు చేతులు వచ్చాయి... తర్వాత తల.

"నేను పెద్దమ్మా... చెలికత్తెని."

లైటతనికి జ్వరం తెప్పించిన దెయ్యం అదీ. వేషం నేర్చుకుని ఉండమని మరిది చాటుగా చెప్పాడట. పెద్దమ్మ ఎదుట నేర్చుకోడానికి ఆ పిల్లకి మొహం చెల్లలేదు. ఉండే గదిలో గొంతెత్తితే తోటివాళ్ళు తిడతారు. దుస్తుల గది వెనక తలుపుకి గడియ సరిగా పడదు. అటునుంచి వచ్చి గుంతలో కూచుని రోజూ చదువుకునేది. ఇవాళ పెద్దమ్మ రావడం చూసి భయపడి, బల్బు ఆర్పేసి అందులోనే ముడుచుకుపోయింది.

పెద్దమ్మ స్టేజీ మీద చతికిలబడి ఏడ్చింది. దెయ్యాన్ని చూసి ఏడ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. దెయ్యం లేదని ఏడ్చిన మనిషి ఆవిడొక్కతే.

"తప్పయిపోయింది, పెద్దమ్మా," అంది పిల్ల. "ఆ వేషం నాకొద్దు."

"నీ తప్పేముందే... కానీ ఆయన తట్టినట్టే తట్టావు. నిజంగా ఆయనే అనుకున్నాను."

పిల్ల కళ్ళు తుడుచుకుంటూ ఆగింది.

"నేనా? నేను తట్టలేదు పెద్దమ్మా... మీరు తడితేనే కదా, మాట అందించమంటున్నారనుకుని చెప్పాను."

పెద్దమ్మ తన చేతులకేసి చూసుకుంది. రాణి నగలు లేవు, గాజుల్లేవు. మంచం పక్కన ఆ చేతులు కట్టుకునే నిలబడింది. చేతికందేంత దూరంలో తట్టడానికి చెక్క కూడా లేదు.

పిల్ల ఒక్క ఉదుటున గుంతలోంచి బయటికొచ్చి పెద్దమ్మని కరుచుకుపోయింది. పెద్దమ్మ భయపడలేదు. ఖాళీ గుంతలోకి వంగి చాలాసేపు చూసింది. ఇందాక వినపడ్డ ఆ రెండు చప్పుళ్ళూ ఆయనవే. ఈసారి ఊరుకోకూడదు. ఆస్పత్రిలో అనలేని మాట, ఇన్నాళ్ళూ గొంతులో అడ్డంపడ్డ మాట... మెల్లగా చెప్పింది.

"మీరు పదండి. దీపం సంగతి... నేను చూసుకుంటాను."

మర్నాటి ఆటలో ఆవిడ తడబడలేదు. ఆ మాటకి హాలు హాలంతా ఏడ్చింది. గుంతలో మాటలందించడానికి కూచున్న చెలికత్తె అందరికన్నా ఎక్కువ ఏడ్చింది.

ఇప్పటికీ ఆట అయిపోయి అందరూ వెళ్ళిపోయాక పెద్దమ్మ గుంతలో ఆ చిన్న బల్బు వేసి, గూటి చెక్కకి చెవి ఆనించి కాసేపు కూచుంటుందట... మళ్ళీ ఒక్కసారి వినపడుతుందేమోనని.

ఇంతవరకూ వినపడలేదు. పదండి అని పంపించింది తనే కదా.