పొటాష్ బస్తాల పక్క గది

దుర్గాశ్రీ తలుపు తట్టలేదు, బాదింది.

యుగంధర్ తీసేసరికి గొడుగు కూడా లేకుండా వానలో నిలబడి ఉంది. ఆ చూపుకి వాన కూడా కాస్త పక్కకి తప్పుకునేలా ఉంది.

"పొద్దున మా షాపులో నిలబడి ఫోన్‌లో ఏం మాట్లాడారండీ?"

"మా గైడ్ గారితోనండి. రీడింగ్ పెరిగిందని..."

"రేడియేషన్ పెరిగిందన్నారు! గదిలోనే ఉంది సార్ అన్నారు! యూరియా కోసం వచ్చిన నలుగురూ విన్నారు. మధ్యాహ్నం నుంచి ఒక్కరూ రాలేదు. వరి చిరుపొట్ట మీదుంది, ఎరువులు అమ్ముడయ్యేదే ఇప్పుడు. మా షాపుకే ఎసరు పెట్టారు కదండీ!"

తప్పు యుగంధర్‌దే. ఎరువుల షాపులో ఆ మాట గట్టిగా అనకూడదని ఫిజిక్స్ సిలబస్‌లో లేదు గానీ, బుర్ర ఉన్నవాడికి తెలియాలి.

అతను పీహెచ్‌డీ పరిశోధన కోసం రాజమండ్రి నుంచి నిడదవోలు వచ్చి, గంగరాజు గారి షాపు వెనక గది అద్దెకు తీసుకుని మూడు నెలలైంది. ఆకాశం నుంచి వచ్చే కణాలను లెక్కపెట్టే డిటెక్టర్ ఒకటి సొంతంగా తయారు చేశాడు. దాని లెక్క నమ్మాలంటే ముందు ఈ డెల్టా నేల మీద మామూలుగా ఎంత రేడియేషన్ ఉంటుందో తెలియాలి. అందుకే ఈ రీడింగులు. ఈ మూడు నెలలూ గంగరాజు గారి అమ్మాయి దుర్గాశ్రీని కూడా రోజూ చూశాడు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి షాపు నడుపుతున్న ఆ అమ్మాయంటే అతనికి చాలా ఇష్టం. చెప్పడానికే ధైర్యం చాలలేదు.

"నాన్నగారు శనివారానికి గది ఖాళీ చేసెయ్యమన్నారు," అంది. ఈ మాట చెప్పేటప్పుడు గొంతులో ఇందాకటి వేడి లేదు.

యుగంధర్ తలుపు పూర్తిగా తెరిచాడు.

"లోపలికి రండి, తడిసిపోతున్నారు. ఒక్కసారి ఈ గ్రాఫ్ చూడండి. వాన పడితే రీడింగ్ పెరుగుతుందండి. రెండు గంటల్లో తగ్గిపోతుంది. నిన్న పెరిగింది, ఇంకా తగ్గలేదు. మిషన్ పాడైందేమోనని సార్‌కి ఫోన్ చేశాను."

దుర్గాశ్రీ అడక్కుండానే కుర్చీ మీది టవల్ తీసుకుని, తల తుడుచుకుంటూ లాప్‌టాప్ మీదికి వంగింది.

"నిన్న అంటే మంగళవారం. ఎన్నింటికి?"

"పదకొండున్నరకి."

"అప్పుడే మాకు లారీ వచ్చింది. గోడౌన్ కారుతోందని నలభై బస్తాలు మీ గది గోడకే ఆనించి వేయించాను."

"ఏం బస్తాలు?"

"పొటాష్." ఒక్క క్షణం ఆగింది. "పొటాషియంలో సహజంగానే కాస్త రేడియేషన్ ఉంటుందని మాకు ఫస్టియర్‌లోనే చెప్పారు. మీకు చెప్పలేదాండీ?"

చెప్పారు. అతనే డిగ్రీ పిల్లలకు ఆ పాఠం రెండుసార్లు చెప్పాడు. యుగంధర్ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. కోపంగా ఉండాలని ఎంత ప్రయత్నించినా దుర్గాశ్రీకి నవ్వు ఆగలేదు.

బస్తాలు మోసే ముఠా కూలీలను పిలిచి బస్తాలన్నీ షాపు ముందు వసారాలోకి మార్పించింది. రీడింగ్ దిగింది.

"రేపు అందరికీ వివరంగా చెబుతానండి," అన్నాడు.

"లెక్చరా? వద్దు బాబోయ్. ఉన్నవాళ్లు కూడా పోతారు."

మర్నాడు మధ్యాహ్నం యుగంధర్ క్యారేజీ తెచ్చుకుని, పొటాష్ బస్తాల మీద బాసింపట్టు వేసుకుని అన్నం తిన్నాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. శుక్రవారమూ అంతే. కౌంటర్ దగ్గర గంగరాజు గారు ముఖానికి అడ్డం పెట్టుకున్న పేపరు దించలేదు.

శనివారం పదెకరాల రైతు బుల్లబ్బాయి గారు బండి ఆపారు.

"ఏంటి బాబూ, ఇక్కడ రేడియేషన్ ఉందన్నావంట? దానిమీదే కూర్చుని తింటున్నావేంటి?"

"ఉందండి, చాలా కొంచెం. అరటిపండులో ఉంటుంది, మీలోనూ నాలోనూ ఉంటుంది. ఇన్నేళ్లూ మీరు పొలంలో చల్లింది ఇదేనండి. చూసుకోకుండా నేను కంగారుపడి, అందర్నీ భయపెట్టాను. తప్పు నాదండి. షాపుది కాదు."

బుల్లబ్బాయి గారు అతని వైపు, క్యారేజీలో గోంగూర పచ్చడి వైపు చూశారు.

"చదువుకున్నోడు తప్పు నాదన్నాడంటే నిజమే అయ్యుంటుంది. అమ్మా దుర్గా, ఐదు బస్తాలు ఎక్కించు."

సాయంత్రానికి వసారా సగం ఖాళీ అయింది.

యుగంధర్ డిటెక్టర్ వైర్లు చుట్టి పెట్టెలో సర్దుతుంటే దుర్గాశ్రీ గుమ్మంలోకి వచ్చింది.

"నిజంగానే సర్దేస్తున్నారా?"

"గడువు ఇవాళే కదండీ." వైరు వదిలేసి లేచాడు. "దుర్గాశ్రీ గారూ, మీరంటే నాకు ఇష్టం. మూడు నెలల నుంచీ. చెబితే గది పోతుందని చెప్పలేదు. ఇప్పుడు ఎలాగూ పోయింది."

"గది కోసం ఊరుకున్నారా?"

"గది పోతే మిమ్మల్ని చూడ్డం పోతుంది కదండీ."

దుర్గాశ్రీ తల వంచుకుంది. "నాకూ ఇష్టమే. నాన్నగారితో మాత్రం మీరే చెప్పాలి."

చెప్పే పని లేకపోయింది. గంగరాజు గారు ఆమె వెనకే నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఇద్దరూ చూడలేదు. అంతా విన్నట్టే ఉన్నారు, ముఖంలో కోపం మాత్రం లేదు.

"నాన్నా, అయితే ఇంక ఖాళీ చెయ్యక్కర్లేదా?" అంది దుర్గాశ్రీ మెల్లగా.

"ఎందుకక్కర్లేదు? చెయ్యాల్సిందే. పెళ్లికొడుకు పెళ్లికూతురింట్లో అద్దెకుంటే ఊళ్లో ఏమనుకుంటారు?" ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. "ఎదురు మేడ మీద గది మాట్లాడాను, మిషన్ అక్కడ పెట్టుకోండి. మీ నాన్నగారి నంబరు చెప్పండి బాబూ."

యుగంధర్‌కి తండ్రి నంబరులో ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు.