ఒట్టిచేతుల విమానం

కాఫీ గ్లాసు బల్ల మీదికి చేరకముందే సత్యవేణి వేళ్లు దాన్ని వదిలేశాయి. నేల మీద పడి భళ్లున పగిలింది. పొద్దున్నుంచి ఇది రెండోది.

"చూశారా, మళ్లీ" అంది, మొగుడి వైపు కోపంగా చూస్తూ.

"నన్ను చూస్తావేంటి? నేనేం చేశాను?" అన్నాడు కామేశం.

నిజానికి తప్పు ఎవరిదీ కాదు. చేదోడు తీసేసిన చేతులు అలాగే ఉంటాయి. మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా చర్మంలా అంటుకుని ఉండే ఆ పల్చటి తొడుగు, మనిషి ఏం చేయబోతున్నాడో కండరాల కదలికను బట్టి పసిగట్టి, ఆ పనిని తానే చక్కబెడుతుంది. కూర తరగడం, సూదిలో దారం ఎక్కించడం, సంతకం పెట్టడం, అన్నీ దాని చలవే. పిల్లలకు ఇప్పుడు అక్షరాభ్యాసంతో పాటే చేదోడు తొడిగే ముహూర్తం కూడా పెట్టిస్తున్నారు. ఆ రోజు నుంచీ చెయ్యి సగం దూరం వెళ్లి ఆగిపోవడం నేర్చుకుంటుంది. మిగతా సగం సంగతి తొడుగు చూసుకుంటుంది. కాకినాడలో కామేశం నడిపే మిఠాయి కొట్టులో నలుగురు కూర్చుని కాజాలు మడుస్తారు. ఏ కాజా ఎవరు మడిచారో వాళ్లను కన్నతల్లి కూడా చెప్పలేదు.

అదే అతనికి మింగుడు పడలేదు. ఏభై దాటాక, "నేను చేశాను అని చూపించుకోవడానికి నాకు ఒక్క వస్తువూ లేదే" అని పట్టుకున్నాడు. చేదోడు లేకుండా పనులు చేసే ఒట్టిచేతుల సంఘంలో చేరి పెళ్లాన్నీ లాక్కెళ్లాడు. ఊరి బయట ఉప్పుమళ్ల పక్కన ఆ సంఘానికో మైదానం ఉంది. ఆకాశమంతా సరుకులు మోసే యంత్రదూతలతో నిండిపోయిన రోజుల్లో, మనిషి నేల మీద నిలబడి రేడియోతో విమానం నడపడానికి అనుమతి ఉన్న చోటు చుట్టుపక్కల అదొక్కటే. దాన్ని కూడా ఆర్నెల్లలో సరుకుల రేవు కింద కలిపేసుకుంటున్నారు.

"ఆలోపల నా విమానాన్ని నేను ఒక్కసారి ఎగరేసి దించాలి. ఇంకేం అడగను" అన్నాడు కామేశం.

సంఘం నియమాలు వింటే ఎవరికైనా తల తిరుగుతుంది. ముక్కలు కొని అతికిస్తే చెల్లదు. తేలికపాటి బాల్సా చెక్కను బ్లేడుతో కోసుకుని, మొదటినుంచీ సొంతంగా కట్టాలి. చేదోడు వేసుకుని ముట్టుకోకూడదు. మొదటి విమానం శిక్షణ విమానమే కావాలి: రెక్క పైన ఉండి, మెల్లగా ఎగిరే రకం. పని పంచుకున్నారు. కుడి రెక్క సత్యవేణిది, ఎడమ రెక్క కామేశానిది. రెక్కకు వంపు ఇచ్చేవి లోపల వరసగా నిలబెట్టే పల్చటి చెక్క పక్కటెముకలు. వాటిని కొయ్యడంతోనే ఇంట్లో కురుక్షేత్రం మొదలైంది.

బ్లేడు సగం గీతలో ఆగిపోయేది. మిగతా సగం తొడుగు కోస్తుందని చెయ్యి ఎదురుచూసేది. సత్యవేణి బొటనవేలు తెగింది. జిగురు చెక్కకు తప్ప అన్నిటికీ అంటుకుంది. తోక రెండుసార్లు విరిగితే, రెండోసారి దాన్ని గోడకేసి కొట్టింది. అయినా ఆదివారం తర్వాత ఆదివారం కూర్చోగా కూర్చోగా ఆమె చేతికి కాస్త దారి దొరికింది. కామేశం చేతికే దొరకలేదు.

"ఏవండీ, అది పక్కటెముకా, ఎలక కొరికిన బిస్కట్టా?"

"చెయ్యి మాట వినట్లేదే."

"నాది మాత్రం పుట్టగానే విందా? మనసు పెట్టరు. కొట్టులో కూర్చున్నట్టు ఇక్కడా కూర్చుంటే ఎలాగండీ?"

"పెడుతున్నానే బాబూ" అని గొణిగి, మళ్లీ బ్లేడు అందుకునేవాడు.

మొత్తానికి విమానం తయారైంది. సంఘంలో ఎవరు కట్టిన విమానాన్నైనా మొదట మైదానం పెద్ద ఏసురత్నం ఎగరేసి చూస్తాడు. ఆయన రేడియో పెట్టె చేతికి తీసుకుని పైకి లేపాడు. లేచీ లేవగానే విమానం ఎడమకు ఒరిగింది. ఆయన పెట్టె మీది కడ్డీని కుడికి ఎంత నొక్కినా ఒరుగుతూనే వెళ్లి ఉప్పుమడి బురదలో ముక్కు దించింది.

"ఎడమ రెక్క మెలిపడిందమ్మా" అన్నాడు ఏసురత్నం.

సత్యవేణికి ఒళ్లు మండిపోయింది. అందరూ వింటున్నారని కూడా చూడలేదు. "సరదా ఈయనది, చాకిరీ నాది. ఆ కాస్త చెక్క కొయ్యడానికి కూడా శ్రద్ధ లేని మనిషికి విమానాలెందుకండీ?"

కామేశం చేదోడు తొడుక్కుని, చెయ్యి అదరకుండా బండి నడుపుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు.

దెబ్బతిన్న రెక్కలు రెండూ బాగుచేద్దామని ఆ సాయంత్రం ఆమె పై పొరలు చించి, పక్కటెముకలన్నీ ఊడదీసి, కోసిన వరసలోనే బల్ల మీద పేర్చింది. తనవి మొదట్లో వంకరటింకరగా ఉండి, పోనుపోను నున్నగా వచ్చాయి. కామేశానివి మొదట్లో ఫరవాలేదు. పోనుపోను అంచులు చిన్న చిన్న రంపపు పళ్లలా తేలాయి. అశ్రద్ధ అయితే ఒకటి బాగుండి ఒకటి చెడాలి. ఇవి క్రమం తప్పకుండా చెడుతూ వచ్చాయి.

ఆమె హాల్లోకి వెళ్లి, "ఆ తొడుగు ఒకసారి తీయండి" అంది.

"మళ్లీ ఏమైంది?"

"తీయండి ముందు."

తీశాడు. చెయ్యి ఊరికే తొడ మీద పెట్టుకున్నాడు. పిండి ఉండ చేస్తున్నట్టు బొటనవేలు చూపుడువేలి మీద దానంతటదే తిరుగుతోంది. అతనికి ఆ సంగతే తెలియదు.

డాక్టరమ్మ చూసి, పార్కిన్సన్, అంటే వణుకుడు జబ్బు అని చెప్పింది. వచ్చి చాలా ఏళ్లయి ఉంటుందంది. "మొదట్లోనే వచ్చుంటే మందుతోనే ఆపేసేవాళ్లం. ఇప్పుడు ఆపరేషన్ చేసి తలలో సన్నటి తీగ పెట్టాలి. ఆలస్యం చేయొద్దు."

"మరి ఆ చేదోడుకి తెలీదా అండీ?" అంది సత్యవేణి.

"వణుకును దిద్దమన్నారు, దిద్దింది. చెప్పమని ఎవరూ అనలేదు. ఈ జబ్బుతో మొదట్లోనే వచ్చేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరమ్మా."

సత్యవేణి ఏడ్చింది. జబ్బు చేసిన చేతిని పట్టుకుని అన్నన్ని మాటలు అన్నందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. కామేశం మాత్రం, "ముందు విమానం, తర్వాత తల" అని మొండికేశాడు. ఎడమ రెక్క మళ్లీ మొదలుపెట్టారు. చెక్క ఆమె కదలకుండా పట్టుకుంటే, బ్లేడు అతను నడిపాడు. ఈసారి ఆమె నోరెత్తలేదు. ఖాళీ దొరికినప్పుడల్లా మైదానానికి వెళ్లి, ఏసురత్నం విమానం మీద ఎగరేయడం, దించడం నేర్చుకుంది.

మైదానం మూసేసే రోజున ఏసురత్నం రెండు రేడియో పెట్టెలను వైరుతో కలిపి, ఒకటి కామేశానికీ ఒకటి సత్యవేణికీ ఇచ్చాడు. "అమ్మా, ఈ మీట నువ్వు నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం ఆయనది. వేలు తీస్తే నీది."

విమానం లేచింది. వణికే వేలి కింద కాసేపు తాగినవాడిలా తూలింది.

"కడ్డీ వదిలేయండి, అదే సర్దుకుంటుంది" అంది సత్యవేణి.

వదిలాడు. శిక్షణ విమానం కదా, దానంతటదే తిన్నగా నిలబడింది. కామేశం చిన్నపిల్లాడిలా నవ్వాడు. కాస్త ముట్టుకుంటూ, కాస్త వదిలేస్తూ మైదానం చుట్టూ తిప్పాడు. తర్వాత దించడానికి మళ్లించాడు. ఉప్పుమడి గట్టు దాటగానే చెయ్యి గట్టిగా వణికింది. విమానం ముక్కు నేల వైపు తిరిగింది.

సత్యవేణి వేలు మీట మీదినుంచి తీసేసింది. విమానాన్ని తిన్నగా తెచ్చి గడ్డి మీద దించింది.

"దించేశాను" అన్నాడు కామేశం. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మీట వదల్లేదు కదా నువ్వు?"

ఆ ముఖం చూశాక ఆమెకు వేరే మాట రాలేదు. "లేదండీ. మీరే దించారు."

ఏసురత్నం తల వంచుకుని వైరు చుట్టుకోసాగాడు. కామేశం విమానాన్ని ఎత్తుకుని, ఉన్న నలుగురికీ తిప్పి తిప్పి చూపించి వచ్చాడు. "ఇంత బాగా దించిన చేతికి తలలో తీగలెందుకే? ఆ డాక్టరమ్మ అనవసరంగా భయపెట్టింది. వచ్చే ఏడాది చూద్దాంలే."

 మొగుడి సంతోషం ఒక్క పూట కూడా నిలవనివ్వని ఆ జబ్బు మీద సత్యవేణికి చెప్పలేనంత కోపం వచ్చింది.

"నేను వేలు తీసేశానండీ. దించింది నేను."

అతను విమానం వైపు చూశాడు. "ఎక్కడినుంచి?"

"గట్టు దాటాక."

"అప్పటిదాకా నేనేనా?"

"అప్పటిదాకా మీరే. ఒట్టు."

మైదానం గేటు మూస్తామని కాపలావాళ్లు కేకేశారు. ఇంకొక్కసారి ఎగరేయడానికి వీల్లేదు. కామేశం విమానాన్ని చంకలో పెట్టుకుని కొంత దూరం నడిచాడు.

"చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు.

 బండి దగ్గరికి వచ్చాక అతను జేబులోంచి చేదోడు తీసి తొడుక్కోబోయి, ఆగి, మళ్లీ అక్కడే పెట్టేసుకున్నాడు. తాళంచెవి ఆమె చేతికిచ్చాడు.

"రేపు ఎన్నింటికి వెళ్దాం ఆసుపత్రికి?"