కస్తూరి ఒక్కతే ఎక్కిన బస్సు

"మిమ్మల్నెవరు కలగజేసుకోమన్నారండీ?" అని ఆ అమ్మాయి సరోజినీ నగర్ బస్టాపులో అందరి ముందూ కడిగేసేసరికి దశరథ్‌కి రెండడుగులు వెనక్కి వెయ్యక తప్పలేదు.

పాపం, గుంటూరునుంచి దేశ రాజధానికి వచ్చి కట్వారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుకుంటున్నవాడు. బస్సుల బోర్డులకేసి బిక్కమొహంతో చూస్తున్న పదిహేడేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని బస్సెక్కించబోయాడు, అంతే. తీరా ఆ పిల్ల కస్తూరి, నిదానంగా నేర్చుకునే పిల్లల ప్రత్యేక బడిలో విద్యార్థిని. తన బస్సు తనే చూసుకుని ఎక్కి, కొవ్వొత్తుల వర్క్‌షాపు దగ్గర దిగడం ఆ రోజు ఆమె పరీక్ష. దశరథ్ చెయ్యి పట్టుకోవడంతో అది కాస్తా పాడైంది. కిళ్ళీకొట్టు చాటునుంచి కనిపెట్టి చూస్తున్న టీచరే, ఇప్పుడు కడిగేసిన ఈ సరళకుమారి.

ఒంటరిగా వచ్చి వెళ్ళగలిగితేనే వర్క్‌షాపులో పనిస్తారట. కస్తూరి నాన్న భీమేశ్వరరావుగారు ఇంకొక్క అవకాశమే ఇస్తానన్నారట. అదీ తప్పితే బడి మాన్పించి ఇంట్లో కూర్చోబెడతారు. ఇదంతా విన్న దశరథ్‌కి తల కొట్టేసినట్టయింది. నేనేమైనా సాయం చెయ్యనా అని అడిగాడు. చేసింది చాలదా అన్నట్టు చూసింది సరళ. ఆ కోపంలోనూ ఆ కళ్ళు ఎంత బావున్నాయని!

మర్నాటినుంచి పుస్తకం మీద చూపు నిలిస్తే ఒట్టు. సాయంత్రమయ్యేసరికి బడి వరండాలో తేలేవాడు. కస్తూరి సాధన కోసం కుర్చీలు వరసగా వేస్తే అది బస్సు, దశరథ్ కండక్టరు. వాడు మీసం మెలేసి హిందీలో కసురుతుంటే ఒకరోజు సరళ పకపకా నవ్వేసింది. దాంతో కండక్టరుగారు చేతిలో టికెట్టుతో అలాగే నిలబడిపోయాడు.

"భయ్యా, దీదీని తర్వాత చూడు. టికెట్ ఇవ్వు," అంది కస్తూరి.

పరీక్ష రోజున ఒకటే వాన. బస్సు వెనక సీట్లో ఒక్క పేపరు చాటున సరళా దశరథూ దాక్కున్నారు. ముందు కూర్చున్న కస్తూరి కిటికీ తుడుస్తోంది, మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. బయట ఏమీ కనబడటం లేదు. స్టాపు దగ్గర పడుతోంది. దశరథ్ ఉండబట్టలేక లేవబోతే సరళ వాడి మణికట్టు పట్టుకుని ఆపింది.

కస్తూరి లేచింది. కండక్టరు దగ్గరికెళ్ళి, అద్దంలోంచి కనబడటం లేదు, వర్క్‌షాపు స్టాపు వస్తే చెప్పమని హిందీలో తడుముకోకుండా అడిగింది. అతను చెప్పాడు. దిగింది!

కింద భీమేశ్వరరావుగారు గొడుగు పట్టుకుని కంగారుగా ఎదురొచ్చారు.

"నాన్నా, నువ్వింటికెళ్ళు. నాకు పనుంది," అని తన గొడుగు తను విప్పుకుని కస్తూరి వర్క్‌షాపులోకి నడిచింది. ఆయన ఆ వానలో నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడిపోయారు.

బస్సు కదిలింది. సరళ ఏడుస్తోంది, నవ్వుతోంది. మణికట్టు మాత్రం వదల్లేదు.

"మనం దిగలేదండీ," అన్నాడు దశరథ్.

"పోనివ్వండి."

ఇంక వాడు ఆగలేకపోయాడు. మీరంటే నాకు ప్రాణం, పెళ్ళి చేసుకుందాం అనేశాడు. తర్వాత భయమేసి, మీవాళ్ళది చర్చి, మావాళ్ళది గుడి అని గొణిగాడు.

సరళ కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం ఆరాధన అయ్యాక నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. వచ్చి అడగండి. ఆయన కాదంటే, అప్పుడు నేను మాట్లాడతాను."