దారం పట్టిన ఇసుక

"ఏమప్పా! తలకాయ ఇంటికాడ పెట్టొచ్చినావా? లెయ్ ఆడనుంచి!"

బూటు లేసు కట్టుకోవడానికి ఇనుప పైపు మీద కూర్చున్న విజయభాస్కర్ ఉలిక్కిపడి లేచాడు. కేక లారీ పైనుంచి వచ్చింది. పసుపుపచ్చ హెల్మెట్ కింద ఓ అమ్మాయి. ముఖం నిండా ఎర్ర దుమ్ము. ఆ దుమ్ములో రెండు కళ్ళు మాత్రం ఇప్పుడే కడిగి పెట్టినట్టున్నాయి.

"సారీ మేడమ్. నేనూ ఫీల్డు మనిషినే. గోదావరి దిక్కు చమురు, గ్యాసు బావుల్లో ఇంజనీరుని. మా ప్రెషర్ ముందర ఇదెంత?"

"నీ తల ఎగరగొట్టేంత. ఆ తాడు అవతలికి పో."

చుట్టూ చేరిన జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది విజయభాస్కర్ బావ నరసింహప్ప.

అది రెండువేల మూడు వేసవి. రాయదుర్గానికి అవతల, రాతి గుండ్ల మధ్యన ఒదిగి ఉండే ఎర్రకొట్టాల ఊరు. వరసగా వానలు మొహం చాటేశాయి. ఊరికి మిగిలిన బోరు ఆ లారీ పక్కనున్నదొక్కటే, అదీ ఎండిపోయింది. ఇందులో నీళ్ళు పడకపోతే నరసింహప్ప గొర్రెల్ని తోలుకుని తుంగభద్ర కాలువల దిక్కు పోవాలి. మిగతా వాళ్ళు బెంగళూరుకు కూలికి పోవాలి. విజయభాస్కర్ అక్క కదిరమ్మ అప్పటికే చట్టీ కుండా మూట కట్టేసింది. పోయేలోపు ఒకసారి చూసి పోదామని తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు.

లారీ మీది అమ్మాయి పేరు ఎలిజబెత్. నీళ్ళ శాఖలో జియాలజిస్టు. ఎండిన బోర్లలో మళ్ళీ నీళ్ళు రప్పించడం ఆమె పని. రబ్బరు బిరడా ఒకటి బోరులోకి దించి, దాని కింద నీళ్ళను బలంగా తోస్తే బండలో మూసుకుపోయిన పగుళ్ళు తెరుచుకుంటాయి. ఎక్కడో దూరాన చిక్కుకున్న నీరు ఆ దారి వెంట బోరులోకి వస్తుంది. తెరుచుకున్న పగులు మళ్ళీ మూసుకోకుండా నీళ్ళతో పాటు ఇసుకను కూడా లోపలికి పంపిస్తారు.

ఆ ఇసుక బస్తాలు చూసి విజయభాస్కర్ ఆగలేకపోయాడు.

"మేడమ్, ఆ ఇసుక ఉంది చూడండి..."

"తాడు అవతల!"

అతను వెనక్కి జరిగాడు.

ఇంజను అందుకుంది. మీటరులో ముల్లు పైకి పాకి, ఒకచోట ఆగి వణికింది. ఎలిజబెత్ చెయ్యెత్తింది. విజయభాస్కర్ ఏమీ తోచక గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించాడు.

లోపల ఎక్కడో, కడుపులో బిడ్డ కాలు ఝాడించినట్టు, ఒక్క కదలిక.

ముల్లు జారి కిందికి పడిపోయింది. బండ తెరుచుకుంది, నీళ్ళూ ఇసుకా లోపలికి పోయాయి.

అతను నేల మీంచి చెయ్యి తియ్యలేదు. గ్యాసు బావుల దగ్గర ఇంతకు ఎన్నో రెట్లు పెద్ద పంపులతో, ఎంతో లోతున రాయిని పగలగొట్టాడు. కానీ అక్కడ అతనికి కనిపించేది ఏసీ గదిలో కంప్యూటర్ మీద గీత మాత్రమే. రాయి కదలడం చేతికి తగలడం ఇదే మొదటిసారి.

ఇంతలో పొలం అవతలి నుంచి రైతు రామాంజులు పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్! నా ఎండిన బాయి గోడ ఏడుస్తాండాది! రాతి సందులోంచి నీళ్ళు కారతాండాయి!"

అంత దూరాన ఉన్న బావి! జనం ఆశ్చర్యంతో ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎలిజబెత్ నవ్వుతూ వాల్వు తిప్పింది. పైపులోంచి నీళ్ళు బుస్సుమని ఆకాశానికి లేచి, అందరి నెత్తిన సన్నటి జల్లై రాలాయి. ఆ ఊరి పిల్లలు వానలో తడిసి ఎన్నాళ్ళయిందో! అరుస్తూ కిందికి దూరారు. ఎలిజబెత్ హెల్మెట్ తీసింది. దుమ్ము కరిగి చెంపల మీద ఎర్రగా కాలువలు కట్టింది.

తాడు అవతలే నిలబడి విజయభాస్కర్ నిలువునా తడిశాడు. పక్కకు జరగాలన్న సంగతే అతనికి గుర్తు లేదు.

* * *

ఆ సంబరం రెండు పూటలు కూడా నిలవలేదు. మోటారు వేశాక నీళ్ళు వచ్చాయి, వాటితో పాటు ఇసుకా వచ్చింది. బిందెల అడుగున పేరుకుంది. చివరికి మోటారు గీరుమని అరిచి బిగుసుకుపోయింది. నీటిధార సన్నబడి ఆగిపోయింది.

విజయభాస్కర్ వెళ్ళేసరికి ఎలిజబెత్ గుప్పెడు ఇసుక పట్టుకుని బోరు పక్కన కూర్చుని ఉంది.

"ఇసుక తిరిగొచ్చేసింది మేడమ్. అది రాగానే పగులు మూసుకుపోయింది."

"ఇట్లయితాదని నీకు ముందే తెల్సా?"

"అనుమానమొచ్చింది."

"మరి యాల చెప్పలేదు?"

"రెండుసార్లు నోరు తెరిచినా. రెండుసార్లూ తాడు అవతలికి తరిమినారు."

ఆమె అతని వైపు కోపంగా చూడబోయింది. చూపు సగంలోనే మెత్తబడింది. "సరే, తాడు ఇవతలికి రా. కూర్చో. మీ బావుల్లో ఏం చేస్తారు?"

"ఇసుకకు జిగురు పూస్తాం. లోపలి వేడికి జిగురు కరిగి, గింజకు గింజ అతుక్కుని గట్టిపడుతుంది. ఇంక కదల్దు."

"ఎంత వేడి?"

"బియ్యం ఉడికేంత."

"మా బండలో నీళ్ళు కుండలో నీళ్ళంత చల్లగా ఉంటాయి. నీ జిగురు ఎట్ల కరుగుతాది? పైగా ఇవి తాగే నీళ్ళు సామీ! మీ మందులన్నీ ఈ ఊరి పిల్లోళ్ళకు తాపమంటావా?"

విజయభాస్కర్ తల గోక్కున్నాడు. "ఇంకోటుంది. సన్నటి పోగులు కలుపుతాం. ఇసుకలో అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి, పిచ్చుక గూట్లో పుల్లల్లాగా. గింజలు వాటిలో చిక్కుకుని నిలబడిపోతాయి. కానీ ఆ పోగులు విదేశాల నుంచి రావాల్సిందే. ఇక్కడ యాడ దొరుకుతాయి?"

ఎలిజబెత్ లేచి నిలబడింది. "పోగులంటే దారమే గదా?"

"దారమే అనుకోండి. నూలైతే కుళ్ళిపోతుంది."

"పాలిస్టరు కుళ్ళదు గదా! మాది రాయదుర్గమప్పా. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా జీన్సు కుట్టే మిషనే. దారానికి కరువా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె కళ్ళలో వెలుగు చూశాక, రాయదుర్గం బస్సు ఎన్నింటికని అడగాలన్న ధ్యాస కూడా అతనికి లేకపోయింది.

బస్సెక్కే ముందు ఎస్టీడీ బూతులో ఆమె పై అధికారితో వాదించడం అద్దంలోంచి అతనికి వినిపించింది. లారీ మర్నాడే చిలమత్తూరుకు పోవాలట. "రాయి పగలగొట్టేది మాత్రమేనా సార్ నా డ్యూటీ? పగిలింది నిలబెట్టేది ఎవరి డ్యూటీ? ఇంకొక్క చాన్సియ్యండి." బయటికి వచ్చి, "ఒప్పుకున్నాడు," అని మాత్రం అంది.

* * *

ఎలిజబెత్ తల్లి పేరు పెద్దక్క. ఆమె కుట్టు మిషను ఆపి, గుమ్మంలో నిలబడిన కుర్రాడిని పైనుంచి కింది దాకా చూసింది.

"పిల్లను చూసేకి ఒక్కడివే వచ్చినావేమప్పా? పెద్దోళ్ళు లేరా?"

విజయభాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా! ఈయన దారం కోసమొచ్చినాడు," అంది ఎలిజబెత్ తల పక్కకు తిప్పుకుంటూ.

"దారానికా? ఏం పని చేస్తావు నాయనా?"

"భూమి లోపల ఇసుక నిలబెడతానమ్మా."

"ఈడ గాలికి బయటి ఇసుకే నిలబడ్ల. నువ్వు లోపలిది నిలబెడతావా?"

అయినా ఆమె ఇల్లంతా వెతికింది. జీన్సుకు వేసేది పసుపు దారం, రంగు దిగుతుంది. జేబు లోపలి గుడ్డకు వాడే తెల్ల దారం మేలని ఆమే తేల్చింది. తాగే నీళ్ళలోకి పోయేది కదా అని తండ్రి యేసన్న పొయ్యి వెలిగించి ఆ దారాన్ని ఉడకబెట్టాడు. మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని అందరూ కత్తెరలతో దాన్ని చిటికెన వేలి గోరంత ముక్కలుగా కత్తిరించారు.

"నీ చేతిలో కత్తెర చూస్తే భయమేస్తాంది," అంది ఎలిజబెత్.

"గ్యాసు బావిలో కత్తెర పని ఉండదు మేడమ్."

"మేడమ్ అనేది మానుకో. దారం కత్తిరించేకాడ మేడమేంది?"

"మరేమనాల?"

"ఎలిజబెత్ అను. నోరు తిరగకపోతే లిల్లీ అను. మా నాయన అట్లే అంటాడు."

అతను రెండోదే ఎంచుకున్నాడు. పైకి అనడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

పరీక్ష చెయ్యందే బోరు ముట్టనంది ఎలిజబెత్. మేస్త్రీలు నీళ్ళు పోసి మట్టం చూసుకునే, లోపలిది కనిపించే తెల్ల గొట్టం తెప్పించి రెండు ముక్కలు చేసింది. ఒకదాంట్లో వట్టి ఇసుక, ఇంకోదాంట్లో దారం కలిపిన ఇసుక. నీళ్ళు వదిలింది. వట్టి ఇసుక సర్రున జారిపోయింది. దారం కలిపింది కొంచెం కదిలింది, సర్దుకుంది, ఆగిపోయింది. దాంట్లోంచి నీళ్ళు మాత్రం తేటగా కారాయి.

ఆమె గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది. గింజకు గింజ ఆనుకుని, మధ్యన తెల్లటి పోగులు. వాటి సందుల్లోంచి వెలుతురు.

"పైనున్న బండ బరువంతా ఈ గింజల మీదేనా?" అంది గుసగుసగా.

"ఊఁ. మా బావుల్లోనైతే ఒక కొండంత బరువు."

"ఇంత గింజ! చీకట్లో, ఎవురూ చూడకుండా, కొండను మోస్తాదా!"

అరుగు మీద వాళ్ళంతా దగ్గరికి జరిగి ఆ గొట్టం వైపే చూశారు. ఎన్నో ఏళ్ళుగా టన్నుల కొద్దీ ఇసుకను భూమిలోకి తోసిన విజయభాస్కర్‌కు, ఒక్క గింజను అలా చూడటం అంతకు ముందు ఎప్పుడూ తట్టలేదు.

* * *

రెండోసారి కూడా బండ తెరుచుకుంది. ఈసారి దారం కలిపిన ఇసుక లోపలికి పోయింది. మోటారు దించుదామని జనం తొందరపెట్టారు. ఎలిజబెత్ ఒప్పుకోలేదు.

"బండ మెల్లగా మూసుకోనీండి. ఇసుకను గట్టిగా పట్టుకోనీండి. అంతవరకూ ఎవురూ ముట్టకూడదు."

"మా గ్యాసు బావుల కాడ ఒక్క పూట కూడా ఆగరు. ఇంత ఓపిక నేను యాడా చూడలేదు," అన్నాడు విజయభాస్కర్ మెచ్చుకోలుగా.

ఆమె లారీ వైపు తిరిగింది. ఆ పొద్దుటి నుంచే ముఖం ముడుచుకుని ఉంది. నీళ్ళ చెంబు అందిస్తే పక్కన పెట్టేసింది. ఏం తప్పు చేశాడో అతనికి అంతుపట్టలేదు. చివరికి మర్నాడు సంగతి కదిరమ్మ చెప్పింది.

"మీ బావ నోరు ఊరికే ఉంటాదా? భాస్కర్‌కు అస్సాం బదిలీ అయింది, ఇంక కనపడడు అని ఆయమ్మ ముందర చెప్పినాడు. అప్పట్నుంచి అట్లే ఉండాది. నువ్వేమో మొద్దులాగా ఓపిక గురించి మాట్లాడతాండావు!"

విజయభాస్కర్ గబగబా బోరు దగ్గరికి నడిచాడు. అప్పటికే మోటారు దిగిపోయింది. ఎలిజబెత్ వాల్వును వెంట్రుకవాసి తిప్పి ఆగింది. ధార సన్నగా, బురదగా వచ్చింది. ఆమె ఆగుతూ, చూస్తూ ఇంకాస్త తిప్పింది. బురద పలచబడింది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. తన దారం ఏమైపోయిందో చూద్దామని పెద్దక్క కూడా రాయదుర్గం బస్సు దిగి వచ్చి జనంలో నిలబడింది.

ఎలిజబెత్ తెల్ల గుడ్డ పరిచి ధార కింద పట్టింది. చాలాసేపు పట్టింది. తీసి, వేళ్ళతో తడిమింది.

ఒక్క ఇసుక రేణువు లేదు.

వాల్వు పూర్తిగా తిప్పింది. చేతి లావు ధార, అద్దంలాంటి నీళ్ళు. జనంలో ఎవరూ కేక వెయ్యలేదు. గొర్రెలు కూడా మెడలు చాచి చూశాయి. ఎన్ని వేల ఏళ్ళుగా ఆ రాతి చీకట్లో ఆగి ఉన్నాయో ఆ నీళ్ళు! ఇప్పుడు ఎండలోకి వచ్చి మెరుస్తున్నాయి. కదిరమ్మ ముందుకొచ్చి రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. తాగలేదు, ఊరికే పట్టుకుని నిలబడింది. అప్పుడు నరసింహప్ప ఎవరికీ కనబడకుండా తలపాగాతో ముఖం తుడుచుకున్నాడు.

"లిల్లీ," అన్నాడు విజయభాస్కర్.

ఆమె చటుక్కున తిరిగింది.

"అస్సాం పోవాల్సిన మాట నిజమే. కానీ కనపడనని నేను అన్లేదు. నేల మీద చెయ్యి పెట్టి బండ కదలడం విన్నా చూడు, ఆ రోజు నుంచి నిన్ను తప్ప ఇంకేమీ చూళ్ళేదు. నీకిష్టమైతే మా పెద్దోళ్ళను పామిడి నుంచి పిలిపిస్తా. లేదంటే ఇప్పుడే బస్సెక్కుతా."

ఎలిజబెత్ తడిగుడ్డను పిండుతూ ఉండిపోయింది. అప్పటికే అది ఆరిపోయేంత పిండింది.

నరసింహప్ప ఊరుకోలేదు. "మా వోడిది నూనె, ఆయమ్మది నీళ్ళు. రెండూ కలుస్తాయా?"

"ఏం మాటప్పా అది?" పెద్దక్క జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "నూనె లేకుండా తాలింపు ఉంటాదా? నీళ్ళు లేకుండా పులుసు ఉంటాదా? రెండూ ఒకే చట్టిలోకే గదా పోయేది! పొయ్యి మీద పెడితే కలవక యాడికి పోతాయి?"

జనం ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా ఎలిజబెత్ తలెత్తలేదు. ఎత్తాక సూటిగా అతని కళ్ళలోకే చూసింది.

"నా లారీని నేను వదల్ను."

"వదలొద్దు."

"సెలవు దొరికినప్పుడల్లా రావల్ల. అత్తగారింటికి కాదు. లారీ ఏ ఊర్లో ఉంటే ఆ ఊరికి."

"వస్తా."

"వచ్చి ఊకే కూర్చోకూడదు. ఇసుక కలపల్ల."

"కలుపుతా లిల్లీ."

"అట్లయితే మీ వాళ్ళను పిలిపియ్," అంది ఎలిజబెత్. ధార కింద దోసిలి పట్టి, నిండాక అతని ముందుకు చాచింది. "తాగు. చల్లగుండాయి."