పన్నెండు వేల అడుగుల ఎత్తున కుళ్ళు

ఆ ఆదివారం పొద్దున కొండాపూర్ బండ మీద ఒక అమ్మాయి సగం దాకా ఎక్కి, పైకి పోలేక, కిందికి రాలేక బల్లిలా అతుక్కుపోయింది.

"జర కాళ్ళను నమ్మండి! ఉత్త చేతులతోనే ఎక్కుతరా ఏంది?" కింద నుంచి అరిచింది కనకలక్ష్మి.

"నేను నమ్ముతూనే ఉన్నానండీ, అవే నన్ను నమ్మటం లేదు!"

అందరూ నవ్వారు. లింగమూర్తి నవ్వి ఊరుకోలేదు. చకచకా బండెక్కి చెయ్యి అందించాడు. రెండేళ్ళుగా తనతో పాటు బండలెక్కుతున్న మనిషి తనకు ఒక్కసారైనా చెయ్యి అందించలేదే అనుకుంది కనకలక్ష్మి. తనకు ఆ అవసరమే రాలేదన్న సంగతి ఆ క్షణాన తోచలేదు.

అది డెబ్బై ఆరో సంవత్సరం. కనకలక్ష్మి ఆ ఊళ్ళో రాళ్ళు కొట్టే బాలనర్సయ్య కూతురు, సిటీలో టైపిస్టు. లింగమూర్తి జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. బండకు అతుక్కుపోయిన కొత్తమ్మాయి బాలాత్రిపురసుందరిది కాకినాడ. తండ్రికి ట్రాన్స్‌ఫరై ఇటు వచ్చారు. మే నెలలో పర్వతారోహణ క్లబ్బు వాళ్ళు ఎనిమిది మంది హిమాలయాలకు పోయి, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున రెండు కొండల నడుమ ఉన్న కనుమ ఒకటి దాటాలి. లీడరు శ్రీనివాసరావు.

హిమాలయాల్లో పన్నెండు వేల అడుగుల దగ్గర టెంట్లు వేసుకుని, మంచులో శిక్షణ వారం రోజులు. "గాలి పలచన. ఒంటికి అలవాటు కావాలి. పగలు పైకెక్కండి, పడుకోవడానికి కిందికి దిగండి. తలనొప్పి వస్తే దాచకండి," అని శ్రీనివాసరావు రోజూ చెప్పేవారు.

కనకలక్ష్మికి తలనొప్పి రాలేదు. కడుపుమంట వచ్చింది. మంచులో జారితే ఎలా ఆగాలో సుందరికి నేర్పేది లింగమూర్తి. ఆమె బూట్ల మంచు దులిపేది లింగమూర్తి. తన సీసాలో నీళ్ళు గడ్డకట్టినా అడిగే దిక్కు లేదు!

కనుమకు బయల్దేరే ముందురోజు పొద్దున, టెంటు వెనక సుందరి వాంతి చేసుకుంటూ కనిపించింది.

"ఎవరికీ చెప్పకండి, ప్లీజ్. రేపటికి తగ్గిపోతుంది."

చెబితే సుందరిని కిందికి పంపేస్తారు. ఇన్నాళ్ళూ తను లోలోపల కోరుకున్నది సరిగ్గా అదే. అందుకే, చెబితే కుళ్ళుతో చెప్పినట్టే అవుతుందని కనకలక్ష్మి ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నానికి సుందరి కుడిచేతి గ్లవ్ ఎడమచేతికి తొడగబోయి తంటాలు పడుతోంది. ఇక ఉండబట్టలేక కనకలక్ష్మి లింగమూర్తికి చెప్పింది.

"ఆమె సంగతి నీకెందుకు లక్ష్మీ? నీకు ముందునుంచే కుళ్ళు," అన్నాడతను.

ఆ మాట గుండెలో దిగబడింది. అయినా నేరుగా శ్రీనివాసరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన సుందరిని పిలిచి, తూలకుండా నడవగలదో లేదో చూడటానికి మంచు మీద తాడు పరిచి, దాని వెంట నడవమన్నారు. సుందరి నాలుగడుగులు తూలి, కూలబడిపోయింది.

లింగమూర్తి పరుగెత్తుకొచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టాడు.

"ఈమెను ఇప్పుడే దించాలి. ఎవరు తీసుకెళ్తారు?" అన్నారు శ్రీనివాసరావు.

"నేను పోత," లింగమూర్తి నోరు తెరిచేలోపే అంది కనకలక్ష్మి. జాలితో అందో, వాళ్ళిద్దరినీ జంటగా పంపడం ఇష్టంలేక అందో, తర్వాత కూడా తేల్చుకోలేకపోయింది.

సుందరి బరువంతా భుజం మీద మోస్తూ మూడు వేల అడుగులు దిగింది. మర్నాటికి సుందరి ముఖంలోకి రంగు వచ్చింది.

"ఎందుకు దాచిన్రు? పానం మీదికొచ్చేది గదా!"

సుందరి టీ గ్లాసులోకే చూస్తూ అంది. "అంతకుముందు రోజే లింగమూర్తి గారిని అడిగేశానండి, నేనంటే ఇష్టమేనా అని. తన మనసు కొండాపూర్‌లో ఉందన్నారు. ఒకరోజు ఓడిపోయి, మర్నాడు కిందికి కూడా దిగిపోతే ఏం బావుంటుందని దాచాను."

కనకలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

మూడోరోజు మిగతావాళ్ళు కనుమ దాటి, మళ్ళీ ఇటే దిగి వచ్చారు. లింగమూర్తి ముక్కు ఎండకు కమిలి, టమాటాలా ఉంది.

"కనుమ మస్తుగుందా?"

"ఏమో. సరిగ్గ సూడలే. పక్కకు నువ్వు లేకపోతివి, ఎవరికి సూపియ్యాలె?" తల దించుకున్నాడు. "గా దినం తప్పు మాటన్న. మాఫ్ చెయ్యి."

"తప్పేం గాదు. నాకు కుళ్ళే."

"ఇంకా ఉందా?"

"జర ఉంది."

"ఇగ ఎవరి మీద?"

మంచులో మెరుస్తున్న కనుమ వైపు చూపించింది. "గా దాని మీద. మూడు దినాలు నిన్ను ఉంచుకుంది."

లింగమూర్తి నవ్వాడు. "అయితే వచ్చే మే నెల ఇద్దరం పోయి దాని సంగతి సూద్దాం."

"ఇద్దరమా? మా నాయన ఊకుంటడా?"

"పెండ్లి చేసినంక ఊకోక ఏం చేస్తడు?"