వదిన చెరిపెయ్యమన్న ఫైలు

"సర్వర్ లేవడం లేదు. పదకొండు లోపు లేపాలి," అన్నాడు చీఫ్. టైము పదీ ముప్పై నాలుగు.

ఇరవై నిమిషాల్లో ఏజెంట్ లిఫ్టు మెకానిక్ వేషంలో, భుజాన టూల్‌కిట్‌తో, ఏజెన్సీ రహస్యంగా నడిపే రెండో అంతస్తు గదిలో ఉన్నాడు. విదేశీ ముఠా చెరలోంచి తప్పించుకున్న ఏడుగురు పదకొండుకి సరిహద్దు వైపు బయల్దేరాలి. పాత దారి ముఠాకి లీకైంది. అక్కడ తుపాకులు కాచుకుని ఉన్నాయి. కొత్త దారి ఈ డేటాబేస్‌లోంచే వాళ్లకి చేరాలి. ఆ ఏడుగురిలో ఒకడు అతని సొంత అన్న.

చెవిలో గింజంత ఇయర్‌పీస్. అవతల హెడ్‌క్వార్టర్స్‌లో వదిన. నలుగురూ తలతిప్పి చూసే అందం, దానికి తగ్గ బుర్ర. ఏజెన్సీ టెక్నికల్ ఆఫీసర్‌గా అతని చేత ఈ పనిలో ఓనమాలు దిద్దించింది ఆవిడే.

విండోస్ మెషీన్ మీద, కమాండ్లు టైపు చేసే యూనిక్స్ తరహా షెల్ తెరిచి స్టార్ట్ కమాండ్ కొట్టాడు. సర్వర్ లేచినట్టే లేచి కూలబడింది. ఏం జరిగిందో రాసుకునే లాగ్ చూశాడు. ఒక సర్వర్ వాడుతున్న డేటాలోకి ఇంకోటి రాకుండా గొళ్లెంలా ఉండే లాక్ ఫైలు అడ్డుపడుతోంది. 4412 నంబరు ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం ఒకటి, ఇదే డేటాని వాడుతోందట. షెల్‌లో నడుస్తున్నవాటి జాబితా అడిగితే ఆ నంబరే లేదు.

సంగతి వదినకి చెప్పాడు. మొన్న కరెంటు పోయినప్పుడు మిగిలిపోయిన ఫైలే అది, నేనూ చూశాను, లోపల ఏమీ నడవడం లేదు అని ఆవిడ తేల్చేసింది.

"ఇంత చిన్నదానికి చెమటలు పట్టాయా మరిదిగారికి? చెరిపేసి స్టార్ట్ చెయ్యి. మీ అన్నయ్య ప్రాణం నీ చేతుల్లో ఉంది."

వేలు కీ మీదకి వెళ్లి ఆగిపోయింది. షెల్ జాబితా తన సొంత ప్రాసెస్‌లనే చూపిస్తుంది. విండోస్ వైపు నడిచేవి అందులో కనబడవు. రెండు వైపులా చూడకుండా లాక్ ముట్టుకుంటే రెండు సర్వర్లు ఒకే డేటా మీద పడి సర్వనాశనం చేస్తాయని మొదటిరోజే నెత్తిన మొట్టి మరీ నేర్పింది వదినే. మరిచిపోయే మనిషి కాదు.

"చెరిపేస్తున్నా వదినా," అంటూనే విండోస్ టాస్క్ లిస్టు తెరిచాడు. ఉంది 4412. చాటుగా పెట్టిన ఇంకో సర్వర్. నిన్న సాయంత్రం మొదలైంది, ఆవిడ లాగిన్‌తోనే.

ఆదివారాలు కొసరి కొసరి వడ్డించిన చెయ్యి.

ఫోన్‌లోంచి చీఫ్‌కి 'లిఫ్టు పైనుంచే ఆగింది' అని పంపాడు. ద్రోహి మనలోనే ఉన్నారని చెప్పే ఏజెన్సీ సంకేతం అది. ఆ మెసేజ్ కిందే వదిన డెస్క్ నంబరు టైపు చేశాడు.

4412ని ఆపాడు. లాక్ తీశాడు. స్టార్ట్.

పది యాభై తొమ్మిది. సర్వర్ తడబడి, నిలబడింది. కొత్త దారి ఏడుగురికీ వెళ్లిపోయింది.

ఇయర్‌పీస్‌లో కుర్చీ జరిగిన చప్పుడు. వెంటనే ఆవిడ గదిలోకి వస్తున్న బూట్ల చప్పుడు.

"రెండో వైపు చూశావన్నమాట," అంది వదిన నెమ్మదిగా.

"నువ్వు నేర్పిందేగా."

లైను తెగిపోయింది.

పదకొండున్నరకి అన్న ఫోను. అందరూ క్షేమమట. "మీ వదిన కంగారు పడుతూ ఉంటుందిరా. నేనొస్తున్నానని చెప్పు."

అతను టూల్‌కిట్ సర్దుకుంటూ, "అక్కర్లేదన్నయ్యా," అన్నాడు. "నువ్వు ఏ దారిన వస్తావో ఆ ముఠాకి ముందే చెప్పింది వదినే."